అరుగు వంతు

అనగా అనగా, వానలు చెప్పిన వేళకు కురిసే కాలంలో, రెండు కొండల నడుమ ఒక చిన్న ఊరు. పేరు వరిమడుగు. ఆ ఊరున్న రాజ్యానికి ఒక రాజు కూడా ఉన్నాడు. కానీ ఆయన ఎక్కడో దూరాన పెద్ద చెరువు తవ్వించే పనిలో మునిగి ఉన్నాడు కాబట్టి ఈ కథలోకి రాడు. రాజులు రాని కథలు కూడా బాగానే ఉంటాయి, వినండి.

వరిమడుగులో దాదాపు అందరివీ చిన్న చిన్న మళ్ళే. కొండ మీంచి దిగే గెడ్డ, అంటే చిన్న వాగు, ఆ మళ్ళన్నిటికీ నీళ్ళిచ్చేది. అయితే గెడ్డ వాళ్ళొక్కరిదే కాదు, దిగువన ఇంకో ఊరుంది. ఊడ్పుల నెలలో పున్నమి దాకా నీళ్ళు వరిమడుగువి. పున్నమి మర్నాడు అడ్డకట్ట తీసేస్తే ఇక దిగువ ఊరివి. తాతల నాటి ఒప్పందం అది, ఎవరూ మీరేవారు కాదు. పున్నమి లోపల నారు నాటుకున్నవాళ్ళకు ఏడాదంతా తిండిగింజలు. నాటుకోలేనివాళ్ళకు పస్తులు.

నారు నాటడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. దమ్ము చేసిన మడిలో ఆడవాళ్ళు బారుగా వంగి, ఒకే జోరులో నాటుకుంటూ వెనక్కి నడవాలి. అందుకని ఆ ఊళ్ళో బదులు పని అనే ఆచారం ఉండేది. ఇవాళ నీ మడికి నేనొస్తాను, రేపు నా మడికి నువ్వు రావాలి. ఒక చెయ్యి ఇచ్చిన ఇంటికి ఒక చెయ్యి తిరిగొస్తుంది. ఇవ్వని ఇంటికి రాదు.

ఈ వంతులు చూసేవాడు ఊరి పెద్ద తవిటినాయుడు. మంచివాడే. తలపాగా ఎంత బిగువుగా చుట్టుకునేవాడో అన్న మాటనూ అంత బిగువుగా పట్టుకునేవాడు. చేతికి చెయ్యి అన్నది ఆయన మాట. తమ్ముడైనా అంతే, అల్లుడైనా అంతే. ఒకసారి ఆయన భార్య దాలమ్మ జ్వరం వచ్చి ఒక పూట నాట్లకు పోలేకపోతే, ఆ పూట బదులు తీర్చడానికి ఆయనే పంచె ఎగ్గట్టి మడిలో దిగాడు. ఆయన నాటిన వరస గెడ్డ కన్నా ఎక్కువ వంకరలు తిరిగింది. ఎవరూ నవ్వలేదు. ఆయన ఇంటికి వెళ్ళాక నవ్వారు.

అన్నిటికీ వంతులున్న ఆ ఊళ్ళో పిల్లల సంగతి మాత్రం ఎవరింటి సంగతి వాళ్ళదే. నాట్లకు వచ్చేటప్పుడు ఒకరు చంటిపిల్లను కునికిపాట్లు పడే ముసలమ్మ పక్కన వదిలి వచ్చేవారు. ఒకరు బిడ్డను ఇంట్లో పెట్టి గడియ వేసి వచ్చేవారు. మడిలో వంగి ఉన్నంతసేపూ మనసు ఇంటి దగ్గరే ఉండేది. కానీ ఆ దిగులు పైకి చెప్పుకోవడం నామోషీ. సొంత బిడ్డను చూసుకోలేనిది అనే మాట ఎవరు పడతారు చెప్పండి? అందుకని అందరికీ ఒకే దిగులు, అందరూ విడివిడిగా దాచుకునేవారు.

ఆ ఊళ్ళోనే పైడితల్లి అనే ఇల్లాలు ఉంది. అందరూ పైడమ్మ అనేవారు. ఆమె మొగుడు సింహాద్రిని రాజుగారి మనుషులు చెరువు పనికి తీసుకుపోయారు. కోతల నాటికి గానీ రాడు. ఇంట్లో అత్తా లేదు, తోడికోడలూ లేదు. ఉన్నవాళ్ళు ఇద్దరే. ఒకడు అసిరి, కొత్తగా నడక వచ్చినవాడు. నడకైతే వచ్చింది గానీ ఎటు నడవాలో ఇంకా తెలియదు, నీళ్ళు ఎటుంటే వాడి కాళ్ళు అటే. రెండోది ఇంకా పేరైనా పెట్టని చంటిది. వీళ్ళు కాక గెడ్డ చివర ఒక చిన్న మడి. పక్కనే నారుమడిలో నారు పచ్చగా పెరిగి నాటేవాళ్ళ కోసం ఎదురుచూస్తోంది.

ఆ మడి నాటితేనే ఆ ఏడు ఆ ఇంట్లో కూడు. పైడమ్మకు వేరే కోరికలేమీ లేవు, అదొక్కటే.

నాట్లు ఎగువ మళ్ళతో మొదలయ్యాయి. మొదటి రోజు పైడమ్మ తెల్లారేసరికే అంబలి కాచుకుని, పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్ళింది. గట్టు మీది గానుగ చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి చంటిదాన్ని పడుకోబెట్టింది. అసిరి నడుముకు ఒక గుడ్డ చుట్టి, రెండో కొస చెట్టు మొదలుకు కట్టింది. వరసలోకి దిగి వంగింది. ఒక కట్ట నారు నాటిందో లేదో ఉయ్యాలలోంచి ఏడుపు. గట్టెక్కింది, పాలిచ్చింది, దిగింది. మళ్ళీ వంగింది. ఈసారి ఉయ్యాలకు చీమలు పట్టాయి. మళ్ళీ గట్టెక్కింది. ఆమె వెళ్ళిన ప్రతిసారీ వరసలో సందు పడేది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఆ సందు పూడ్చుకుంటూ వెనకబడేవారు, వాళ్ళు పాడే పాట కూడా తెగిపోయేది. సాయంత్రం తవిటినాయుడు గట్టు మీద నిలబడి, ఇవాళ పైడమ్మది అర చెయ్యి, నిండు చేతికే బదులు అని తేల్చాడు.

రెండో రోజు ఆమె చంటిదాన్ని వీపున కట్టుకుని దిగింది. ఉయ్యాల బాధ తప్పిందనుకుంది. కానీ వంగిన మనిషి వీపు మీదే కదా ఎండంతా పడేది. మధ్యాహ్నానికి చంటిదాని మొహం కందిపోయింది. పక్కన నాటుతున్న ముసలి మంత్రసాని చూసి, బిడ్డను తక్షణం నీడకు తీసుకుపొమ్మని కోప్పడింది. ఆ రోజూ అర చెయ్యే.

మూడో రోజు ఉయ్యాల చీమలు పట్టకుండా కట్టింది. చంటిది హాయిగా నిద్రపోయింది. పైడమ్మ ఊపిరి పీల్చుకుని నాటింది, అందరితో సమంగా నాటింది, ఒకసారి పాట కూడా అందుకుంది. తలెత్తి చూస్తే చెట్టు మొదలు దగ్గర గుడ్డ ఉంది. గుడ్డలో అసిరి లేడు.

చేతిలో నారు పారేసి ఆమె గెడ్డ వైపు పరుగెత్తింది. ఆమె వెనక వరసంతా పరుగెత్తింది. అసిరి గెడ్డ ఒడ్డున మోకాళ్ళ లోతు బురదలో కూరుకుపోయి, అటు కదల్లేక, ఇటు కదల్లేక, అందరూ తనను చూడ్డానికే వచ్చారని చప్పట్లు కొడుతున్నాడు. ఇంకో రెండడుగులు వేసి ఉంటే ప్రవాహం. పైడమ్మ వాణ్ణి ఎత్తుకుని, బురదతో సహా గుండెకు అదుముకుని ఏడ్చింది.

తవిటినాయుడు కూడా వచ్చాడు. అసిరి కాళ్ళకున్న బురద చేత్తో తుడిచాడు. మెల్లగా అన్నాడు.

"పైడీ, నిన్ను తిట్టడానికి రాలేదు నేను. ఇంటికాడుండి నీ పిల్లల్ని నువ్వు సూసుకో. అందులో తప్పేటీ లేదు. కానీ బదులంటే బదులే. ఇచ్చిన సెయ్యికే తిరుగు సెయ్యి."

"మరి నా మడో, మావా?"

తవిటినాయుడు తలపాగా సర్దుకున్నాడు. తర్వాత వరసను మడిలోకి పొమ్మని చెప్పి తానూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పైడమ్మ ఇంటి అరుగు మీద కూర్చుంది. మళ్ళకు పోయే దారిలో మొదటి ఇల్లు వాళ్ళదే. సింహాద్రి తాత ఎప్పుడో ధాన్యం ఆరబోసుకోవడానికని వెడల్పుగా కట్టించిన మట్టి అరుగు, పైన మంచి తాటాకు నీడ. ఆ దారినే సూరమ్మ అనే ఆమె నాట్లకు పోతూ ఆగింది. చంకలో ఆడపిల్ల ఉంది. ఆ పిల్లను రోజూ ఇంట్లో పెట్టి గడియ వేసి వెళ్ళేది సూరమ్మ. నిన్న బురదలో అసిరిని చూసినప్పటి నుంచి గడియ వెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

"ఒలే పైడమ్మా, నువ్వెలాగూ ఇంటికాడే ఉంటన్నావు కదే. మా గుంటదాని మీద ఓ కన్నేసి ఉంచు."

పైడమ్మ సరేనంది. మర్నాటికి ఈ సంగతి ఇంకొందరికి తెలిసింది. ఒకామె కవలలను దింపి వెళ్ళింది. ఒకామె, తన పిల్లాడు అన్నం తినడని, కాస్త కథ చెబితే తింటాడని చెప్పి మరీ దింపింది. ఆ మర్నాడు పెరటి వైపు నుంచి ఎవరో మెల్లగా పిలిచారు. చూస్తే తవిటినాయుడి కోడలు కనకం. కొంగు కింద ఏడాది పిల్లాడు. ఊరి పెద్ద మనవడు.

"మావకి సెప్పకు పైడప్పా. బదులు లేకుండా ఒకళ్ళ మీద బరువెట్టినామని కోప్పడతాడు," అంది.

ఒక్కొక్కరూ ఒక్క కన్నే అడిగారు. పైడమ్మకు ఉన్నవి రెండే కళ్ళు. అయినా ఆమె కాదనలేదు. పిల్లలు పడిపోకుండా అరుగు అంచున వెదురు కర్రలు అడ్డం కట్టింది. దూలానికి ఉయ్యాలలు వేలాడదీసింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చోడి అంబలి, అదే రాగి జావ, కాచి అందరికీ పట్టించేది. కాస్త పెద్ద పిల్లలకు చిన్నవాళ్ళ ఉయ్యాలలు ఊపే పని అప్పజెప్పింది. సూరమ్మ కూతురు ఎప్పుడూ నోరు విప్పేది కాదు, మూగదేమోనని తల్లి లోలోపల కుమిలిపోయేది. ఆ పిల్ల అరుగు మీద రెండు రోజులుండి మూడో రోజు కోడిపెట్టను చూసి "పో" అంది. అది మొదలు అందర్నీ "పో" అంటూనే ఉంది. ఇక అసిరికైతే తోటి పిల్లలు దొరికాక నీళ్ళు గుర్తే లేవు.

సాయంత్రం తల్లులు వచ్చేసరికి పిల్లలు కడుపు నిండి, మొహాలు కడిగి, కొందరు నిద్రపోతూ ఉండేవారు. ఎవరో ఒకరు గుప్పెడు చోళ్ళో, కాసిని కూరాకులో అరుగు మీద పెట్టి పోయేవారు. గెడ్డ చివర మడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. మరిచిపోయి కాదు. ఇంకెవరైనా ఎత్తుతారులే అని ప్రతి ఒక్కరూ అనుకునేవారు.

మడిలో మాత్రం వింత జరుగుతోంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనంత జోరుగా నాట్లు సాగుతున్నాయి. మధ్యలో ఇంటికి ఒక్కసారి పోయొస్తానని అడిగేవాళ్ళు లేరు. పాట మొదలైతే మడి అవతలి గట్టు చేరేదాకా తెగడం లేదు. తవిటినాయుడు గట్టు మీద నిలబడి మురిసిపోయాడు. ఇంటికి వెళ్ళి భోజనం దగ్గర దాలమ్మతో, చూశావా, నేను లెక్క గట్టిగా పట్టుకున్నాను కాబట్టి ఊరు ఇలా దారిలో పడింది అన్నాడు. దాలమ్మ ఆయన కంచంలో ఇంకాస్త పులుసు పోసింది. కోడలు మొహం పక్కకు తిప్పుకుంది.

రోజులు గడిచాయి. చంద్రుడు నిండుతున్నాడు. పైడమ్మ రోజూ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక తన నారుమడి దగ్గరికి పోయి చూసుకునేది. నారు ముదిరిపోతోంది. ఆకుల కొసలు పసుపు తిరిగాయి. ఊళ్ళో ఇక రెండే మళ్ళు మిగిలాయి. ఒకటి తవిటినాయుడి పెద్ద మడి, రెండోది ఈమెది. నాయుడి మడికి ఊరంతా వస్తుంది. ఈమె మడికి ఎవరూ బాకీ లేరు. పున్నమి ఎల్లుండి.

ఆ సాయంత్రం తల్లులు పిల్లల కోసం వచ్చినప్పుడు ఆమె, రేపటి నుంచి తాను మడికి పోతున్నానని చెప్పింది. ఒంటి చేత్తో ఎంత నాటగలిగితే అంత నాటుకుంటాను, అరమడి అయినా రోజుకో పూటకు గింజలొస్తాయి, పిల్లల్ని తీసుకోలేను, ఏమీ అనుకోకండి అంది. ఆమె మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఆ తల్లులకు కాస్త సుఖంగా ఉండేది. సూరమ్మ కూతుర్ని చంకనెత్తుకుని, నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయింది.

తెల్లవారింది. తవిటినాయుడి మడిలో నాట్లు. తల్లులు ఎప్పటిలా పిల్లల్ని ఇళ్ళల్లో పెట్టి గడియలు వేద్దామని చూశారు. కానీ అరుగు రుచి మరిగిన పిల్లలు గడియ వేసిన ఇళ్ళల్లో ఉంటారా? ఊరు ఎగిరిపోయేలా ఏడ్చారు. చేసేది లేక అందరూ పిల్లల్ని వెంటబెట్టుకునే మడికి వచ్చారు.

గట్టు పొడుగునా పిల్లలే. గానుగ చెట్టుకు ఉయ్యాలలు కట్టడానికి కొమ్మలు చాలలేదు. ఒక ఉయ్యాలలో ఏడుపు మొదలైతే అన్ని ఉయ్యాలల్లోనూ మొదలైంది. ఏ ఏడుపు ఎవరి బిడ్డదో తెలియక వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారే నడుములెత్తేవారు. కవలల్లో ఒకడు మడిలోకి దూకి, అప్పుడే నాటిన నారు పీకి అమ్మకు ఇస్తున్నాడు. సూరమ్మ కూతురు గట్టు మీద నిలబడి ఊరి పెద్దను "పో, పో" అంటోంది. తవిటినాయుడు ఒకణ్ణి పట్టుకుంటే ఇంకొకడు జారిపోతున్నాడు. వంగి ఒకడి కోసం చెయ్యి చాస్తే తలపాగా ఊడి బురద నీళ్ళలో పడింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మడిలో ఒక మూల కూడా నాటు పడలేదు.

ఆయన తడిసిన తలపాగా చేత్తో పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"ఇంతమంది గుంటలు ఎక్కణ్ణుంచొచ్చినారు? నిన్నటిదాకా ఊళ్ళో లేరే," అన్నాడు.

దాలమ్మ చేతిలో నారుకట్ట కింద పెట్టి నడుము నిలబెట్టింది.

"ఉన్నారు. పైడమ్మ అరుగు మీదున్నారు. ఆ పిల్ల వీళ్ళందర్నీ సూసుకుంది కాబట్టి మేం నాటినాం. మీ మనవడు కూడా అక్కడే ఉన్నాడు."

తవిటినాయుడు కోడలి వైపు చూశాడు. కనకం తల వంచుకుంది. ఆయన కోప్పడలేదు. ఏడుస్తున్న మనవణ్ణి చంకనేసుకుని, గట్టు వెంబడి గెడ్డ చివరకు నడిచాడు.

అక్కడ పైడమ్మ ఒక్కతే నాటుతోంది. వీపున చంటిది, ఎండ తగలకుండా దాని మీద ఆముదపు ఆకు. ఆమె కాలికి గుడ్డతో కట్టిన అసిరి పక్కనే బురదలో కూర్చుని, తల్లి ఒకటి నాటితే తాను ఒకటి తలకిందులుగా నాటుతున్నాడు. పొద్దుటి నుంచి నాటిన మేర చూస్తే రెండు చాపలు పరిచినంత. అది చూసి తవిటినాయుడు గట్టు మీద ఆగిపోయాడు.

"ఇన్నాళ్ళూ నాకు ఎందుకు సెప్పలేదమ్మీ?" అని అడిగాడు.

పైడమ్మ నడుము ఎత్తి, మోచేత్తో నుదురు తుడుచుకుంది.

"ఏటని సెప్పను మావా? మీ లెక్క మడిలో దిగిన సెయ్యికే. నేను కూకున్నది అరుగు మీద."

ఆమె మళ్ళీ వంగింది. ఆగడానికి ఆమెకు పొద్దు లేదు.

తవిటినాయుడు గట్టు మీద నిలబడి వేళ్ళు ముడుచుకుంటూ లెక్క మొదలుపెట్టాడు. సూరమ్మ చెయ్యి మడిలో ఉందంటే ఎవరి వల్ల? పైడి వల్ల. కవలల తల్లి చెయ్యి? అదీ పైడి వల్లే. తన సొంత కోడలి చెయ్యి? ఊళ్ళో ఒక్కో మడినీ తలుచుకున్నాడు. ఆ మూడు రోజుల తర్వాత ఏ మడిలోనూ పైడమ్మ అడుగు లేదు, ఏ మడిలోనూ పైడమ్మ చెయ్యి లేకుండా లేదు. మనవడు ఆయన చెవి పట్టుకుని లాగుతున్నాడు. వేళ్ళు అయిపోయాయి, లెక్క అవలేదు.

ఆయన వెనక్కి వెళ్ళి తన మడి గట్టు మీద నిలబడి చెప్పాడు. "లెక్క తప్పింది. తప్పింది నా దగ్గరే. అర సెయ్యి అన్నాను ఆ పిల్లని. ఊరంతా ఆవిడికి బాకీ ఉంది."

అప్పుడు సూరమ్మ ముందుకొచ్చింది. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి. "మీకు తెలీక తప్పింది నాయుడుబాబూ. మాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాం," అంది.

ఇక మిగిలింది ఆ పూట, ఇంకొక్క రోజు. రెండు మళ్ళున్నాయి. రెండూ అవుతాయో అవవో ఎవరికీ తెలియదు. వెనకబడ్డ మడికి నీళ్ళు దక్కకపోవచ్చు. అందరూ తవిటినాయుడి మొహం వంక చూశారు. ఆయన తన నారుకట్టల్ని నీళ్ళలో తడిపి పక్కన పెట్టమన్నాడు. ముందు పైడి మడి అన్నాడు. చెప్పడం అయ్యాక గట్టిగా ఊపిరి వదిలాడు, ఆయనకూ ఆ మడి అంటే ప్రాణమే మరి.

మరి పిల్లలో? ఈసారి ఆ ప్రశ్న దాచుకోకుండా అందరూ పైకే అడిగారు. తవిటినాయుడు ఊళ్ళో ఉన్న ముసలివాళ్ళనందరినీ పిలిపించాడు. చుట్ట కాల్చుకుంటూ కూర్చునే తాతలు, పశువుల దగ్గర ఉండే మామలు, అందరూ పైడమ్మ అరుగు మీదికి రావాలన్నాడు. తానే ముందు వెళ్ళి కూర్చున్నాడు. కుమ్మరి తాత, పిల్లల చేతికి పట్టే చిన్న ముంతలు తెచ్చాడు. పాడి ఉన్న ఇంటివాళ్ళు బిందెడు పాలు పంపారు. మంత్రసాని మోకాళ్ళ నొప్పులతో మడి దిగలేక, ఉయ్యాలల దగ్గర కూర్చుని ఎవరికి ఒళ్ళు వేడిగా ఉందో చూసింది. ఏ పిల్ల ఏం తింటుందో, ఎవరికి నిద్ర ఎలా పడుతుందో పైడమ్మ గబగబా చెప్పి మడికి పరుగెత్తింది.

ఆ రోజు మడిలో సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఊరి ఆడవాళ్ళందరూ పైడమ్మకు అటూ ఇటూ బారులు తీరి వంగారు. పాట ఒక గట్టున మొదలై అవతలి గట్టున ఆగింది. చిన్న మడి కదా, పొద్దు వాలకముందే పచ్చబడింది.

అరుగు మీద సంగతే చెప్పాలి. పొద్దు వాలేసరికి తాతలు వరసగా గోడకు చేరబడి ఉన్నారు. ఒకరి మీసానికి అంబలి, ఒకరి భుజం మీద ఎవరిదో ఉచ్చ. కవలలు ఇద్దరూ తవిటినాయుడి కాళ్ళ మీద చెరొక వైపు పడి నిద్రపోతున్నారు. కాళ్ళు తిమ్మిరెక్కినా, కదిలిస్తే లేస్తారని ఆయన బిగుసుకుని కూర్చున్నాడు. పైడమ్మ వచ్చి ఎలా ఉంది మావా అని అడిగింది.

"మడిలో పనే నయం," అన్నాడాయన గుసగుసగా.

మర్నాడు పున్నమి. అరుగు మీద తాతలు, మడిలో ఊరు. పైడమ్మ కూడా ఆ రోజు వరసలో నిలబడి తవిటినాయుడి మడి నాటింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. చంద్రుడు కొండ మీదికి వస్తుండగా ఆఖరి కట్ట నాటారు. ఆ మర్నాడు అడ్డకట్ట తీశారు, నీళ్ళు దిగువ ఊరికి గలగలా పోయాయి. అప్పటికి వరిమడుగులో నాటని మడి లేదు.

అప్పటి నుంచి ఆ ఊళ్ళో కొత్త వంతు వచ్చింది. అరుగు వంతు. నాట్లకు, కలుపులకు, కోతలకు, ఏ పనికైనా ముందుగా అరుగు మీద ఎవరుంటారో తేల్చి, ఆ తర్వాతే మడిలో ఎవరు దిగుతారో తేల్చేవారు. అరుగు మీద ఒక పూట ఉంటే మడిలో రోజంతా ఉన్నట్టు లెక్క. ఆ లెక్క ఎక్కువని ఎవరైనా గొణిగితే, తవిటినాయుడు వాళ్ళను అరుగు మీద ఒక పూట కూర్చోబెట్టేవాడు. రెండోసారి గొణిగినవాళ్ళు లేరు. బాలింతలకు మూడు నెలలు మడి వంతు తీసేశారు, అయినా వాళ్ళ మడికి చేతులు వచ్చేవి. బిడ్డను చూసుకోలేకపోతున్నాను, కాస్త సాయం పట్టండి అని అడగడం నామోషీ కాకుండా పోయింది. ఆ మాట మొదట అడిగింది తవిటినాయుడి కోడలే, అదీ ఆయన ఎదుటే.

కోతలయ్యాక సింహాద్రి చెరువు పని ముగించుకుని ఊరికి వచ్చాడు. దారంతా ఆయనకు ఒకటే బెంగ. పైడి ఒంటరిది, మడి బీడు పడి ఉంటుంది, పిల్లలు చిక్కిపోయి ఉంటారు. గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడిపోయాడు. వాకిట్లో ధాన్యం రాశి ఉంది. అరుగు నిండా పిల్లలున్నారు. అందులో ఒకడు వెదురు కర్ర పట్టుకుని నిలబడి ఆయన వంక తేరిపార చూస్తున్నాడు. బుగ్గలొచ్చాయి కాబట్టి, వాడు అసిరి అని పోల్చుకోవడానికి తండ్రికి కాస్త సమయం పట్టింది.

"మన మడి ఎవరు నాటినారే?" అని అడిగాడు పైడమ్మను.

పైడమ్మ అరుగు మీద ఆడుకుంటున్న పిల్లల్ని, ఉయ్యాలల్లో కాళ్ళు ఆడిస్తున్న పసివాళ్ళను చూపించింది.

"వీళ్ళే," అంది.

సింహాద్రికి అర్థం కాలేదు. చంటిదాన్ని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టి, ఎత్తుకోండి, తెలుస్తుంది అంది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, గుర్తుంచుకోండి. బిడ్డను ఎత్తుకున్న చెయ్యి ఖాళీ చెయ్యి కాదు, ఆ చేతికి తోడు నిలిచిన ఊళ్ళో ఏ ఇల్లూ పస్తుండదు.